విదేశీ ప్రయాణంలో చెల్లింపులు: నోట్లా, కార్డా, ఫోనా?

విదేశానికి టికెట్లు తీసుకున్నాక చివరిదాకా తేలని ప్రశ్న ఒకటి ఉంటుంది. అక్కడి ఖర్చులకు డబ్బు ఏ రూపంలో పట్టుకెళ్లాలి? నోట్లు మార్చుకోవాలా, చేతిలో ఉన్న డెబిట్ కార్డు సరిపోతుందా, క్రెడిట్ కార్డు వాడాలా, ముందే విదేశీ కరెన్సీ నింపుకునే ఫారెక్స్ కార్డు కొత్తగా తీసుకోవాలా, అన్నీ ఫోన్‌తోనే అయిపోతాయా? వెళ్లొచ్చిన వాళ్లను అడిగితే ఎవరికి ఏది కలిసొచ్చిందో అదే మంచిదంటారు. వాళ్లు వెళ్లిన దేశం వేరు, ఉన్న రోజులు వేరు, వాళ్ల బ్యాంకు వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలామంది ఒకటి రెండు శాతం ఫీజుల గురించి గంటలకొద్దీ లెక్కలు వేస్తారు కానీ, ఉన్న ఒక్క దారీ మూసుకుపోతే ఏం చేయాలో ఆలోచించరు. రెండు శాతం ఫీజుతో ఎవరి ప్రయాణమూ పాడు కాదు. రాత్రిపూట తెలియని ఊళ్లో దిగాక ఉన్న ఒకే ఒక్క కార్డు పనిచేయకపోతే మాత్రం అన్నీ ఆగిపోతాయి. అందుకే ఈ పోలికలో ఖర్చు ఎంతో చూస్తూనే, అది చెడితే ఏమవుతుందన్నదానికి ఎక్కువ బరువు ఇస్తున్నాను.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది అసలు ఖర్చు. ఇందులో రెండు భాగాలుంటాయి. కరెన్సీ ఏ రేటుకు మారిందన్నది ఒకటి, దానిపై ఎవరెవరు ఎంత ఫీజు వేశారన్నది రెండోది. ఫీజు లేదని చెప్పేవాళ్లు సాధారణంగా రేటులోనే తమ లాభం కలుపుకుంటారు. కాబట్టి రెండూ కలిపి చూస్తేనే నిజం తెలుస్తుంది. ఇంటర్నెట్‌లో కరెన్సీ రేటు వెతికితే కనిపించేది కొనే ధరకూ అమ్మే ధరకూ సరిగ్గా మధ్యనున్న రేటు. మామూలు మనిషికి అది అచ్చంగా దొరకడం అరుదు. దానికి ఎంత దగ్గరగా వచ్చామన్నదే కొలమానం.

రెండోది చెల్లుబాటు. స్వీడన్‌లో నోట్లు తీసుకోని దుకాణాలు చాలా ఉన్నాయి. లండన్ బస్సుల్లో 2014 నుంచి నగదు చెల్లదు. జర్మనీలో కొన్ని చిన్న రెస్టారెంట్లు నగదైనా కావాలంటాయి, వాళ్ల దేశీయ డెబిట్ కార్డు గిరోకార్డ్ (girocard) అయినా కావాలంటాయి. చైనాలో వీధి బండి దగ్గర కూడా క్యూఆర్ కోడే ఉంటుంది. రష్యాలో వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు 2022 మార్చిలో సేవలు నిలిపేసినప్పటి నుంచి బయటి దేశాల్లో ఇచ్చిన వాటి కార్డులు అక్కడ పనిచేయడం లేదు. ఆంక్షల వల్ల ఇరాన్‌లోనూ అంతర్జాతీయ కార్డులు పనికిరావు. అంటే ఏది మేలో తేల్చే ముందు ఎక్కడికి వెళ్తున్నామో చూసుకోవాలి.

మూడోది, పోయినా, దొంగిలించినా, మోసం జరిగినా ఎవరి డబ్బు ఇరుక్కుంటుందన్నది. నోట్లు పోతే పోయినట్టే. డెబిట్ కార్డుపై మోసం జరిగితే మీ ఖాతాలోని సొమ్ము ముందు పోతుంది, తిరిగి రావడం తర్వాతి మాట. క్రెడిట్ కార్డుపై జరిగితే ముందుగా ఇరుక్కునేది బ్యాంకు సొమ్ము. మీరు అభ్యంతరం చెప్పి వివాదం నడుపుకోవచ్చు, ఈలోగా మీ ఖాతాలో డబ్బు అలాగే ఉంటుంది.

నాలుగోది డిపాజిట్లు. హోటల్, అద్దె కారు, మనిషి లేని పెట్రోలు పంపు లాంటివి అసలు బిల్లు కంటే ఎక్కువ మొత్తాన్ని ముందుగా బ్లాక్ చేస్తాయి. దీన్ని లెక్కలో వేసుకోకపోతే మధ్యలో చేతులు కట్టేసినట్టవుతుంది.

## ఏ కార్డు వాడినా ముందు ఈ ఒక్కటి నేర్చుకోండి

ఏ కార్డు మంచిదన్న చర్చ కంటే దీనివల్లే ఎక్కువ డబ్బు మిగులుతుంది. దుకాణంలో కార్డు పెట్టగానే మెషీన్ తెరపై రెండు మొత్తాలు కనిపిస్తాయి. ఒకటి ఆ దేశపు కరెన్సీలో, రెండోది మీ దేశపు కరెన్సీలో. మీ దేశపు కరెన్సీ చూడగానే మనసుకు హాయిగా ఉంటుంది, ఎంత ఖర్చయిందో వెంటనే తెలుస్తుంది. చాలామంది దాన్నే నొక్కేస్తారు. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. ఇక్కడ రేటు నిర్ణయించేది మీ బ్యాంకు కాదు, అవతలి వ్యాపారి తరఫున పనిచేసే సంస్థ. మూడు నాలుగు శాతం నుంచి పది శాతం దాటి కూడా ఆ రేటులో కలిపి ఉండొచ్చు.

లెక్క చూడండి. 100 యూరోల బిల్లు. యూరోల్లోనే చెల్లిస్తే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్ రేటు పడుతుంది. మీ బ్యాంకు విదేశీ లావాదేవీ ఫీజు 2 శాతం అనుకుంటే 102 యూరోల విలువ మీ ఖాతాలో పడుతుంది. మీ కరెన్సీని ఎంచుకుంటే, ఆ మెషీన్ రేటులో 6 శాతం కలిపి ఉందనుకుందాం, 106 అవుతుంది. అక్కడితో ఆగకపోవచ్చు. బిల్లు మీ కరెన్సీలోనే ఉన్నా వ్యాపారి విదేశంలో ఉన్నాడు కాబట్టి కొన్ని బ్యాంకులు దానిపైనా తమ ఫీజు వేస్తాయి. అప్పుడది 108కి చేరుతుంది.

ఏటీఎంలో ఇది ఇంకా తికమక పెడుతుంది. మొత్తం నొక్కాక తెరపై ఒక రేటు చూపించి కన్వర్షన్ ఒప్పుకుంటారా, వద్దంటారా అని అడుగుతుంది. ఒప్పుకునే బటన్ పెద్దగా, పచ్చగా ఉంటుంది. 'డిక్లైన్ కన్వర్షన్' అన్నది మూలన ఎక్కడో ఉంటుంది. అది నొక్కితే లావాదేవీ మొత్తం రద్దవుతుందేమోనని భయపడి చాలామంది పచ్చ బటన్ నొక్కేస్తారు. రద్దు కాదు. 'డిక్లైన్' నొక్కినా డబ్బు వస్తుంది, కాకపోతే రేటు మీ బ్యాంకు వైపు నుంచి పడుతుంది. ఈ ఒక్క బటన్ గురించి ఇంట్లో పెద్దవాళ్లకు ప్రయాణానికి ముందే చెప్పి ఉంచండి.

కొన్ని చోట్ల వ్యాపారి మిమ్మల్ని అడక్కుండానే మీ కరెన్సీ ఎంచేస్తాడు. ఎంపిక మీదేనని కార్డు నెట్‌వర్క్‌ల నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి పిన్ కొట్టే ముందు తెరపై కరెన్సీ గుర్తు చూడండి. తప్పుగా ఉంటే రద్దు చేసి మళ్లీ చేయమని అడగండి, మొహమాటం వద్దు. విదేశీ వెబ్‌సైట్లలో హోటల్, రైలు టికెట్లు బుక్ చేసేటప్పుడు కూడా ఇదే మెలిక ఉంటుంది. ధరను మీ కరెన్సీలో చూపించే సౌకర్యం వేరు, అదే కరెన్సీలో డబ్బు తీసుకోవడం వేరు.

## క్రెడిట్ కార్డు

పెద్ద ఖర్చులన్నింటికీ నా మొదటి ఎంపిక ఇదే. నెట్‌వర్క్ రేటు మార్కెట్ రేటుకు చాలా దగ్గరగా ఉంటుంది. దానిపై మీ బ్యాంకు వేసే విదేశీ లావాదేవీ ఫీజు సాధారణంగా 1 నుంచి 3.5 శాతం మధ్య ఉంటుంది, అసలు వేయని కార్డులూ ఉన్నాయి. ఏటా ఒకటి రెండుసార్లయినా బయటి దేశాలకు వెళ్లేవాళ్లు ఫీజు లేని కార్డు తీసుకుంటే దాని విలువ తొందరగానే తెలుస్తుంది. మూడు నాలుగేళ్లకోసారి వెళ్లేవాళ్లు దానికోసం ఏడాది చందా కట్టక్కర్లేదు, ఉన్న కార్డుతోనే వెళ్లొచ్చు.

అద్దె కారు తీసుకోవాలంటే చాలాచోట్ల డ్రైవరు పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. భార్య కార్డుపై బుక్ చేసి భర్త నడుపుతానంటే కౌంటర్ దగ్గర ఆపేస్తారు. హోటల్ డిపాజిట్ కూడా క్రెడిట్ కార్డుపై పెడితే లిమిట్‌లో కొంత బ్లాక్ అవుతుందే తప్ప మీ ఖాతాలో డబ్బు కదలదు.

క్రెడిట్ కార్డుతో చేయకూడని పని ఏటీఎంలో నగదు తీయడం. దానికి విడిగా ఫీజు పడుతుంది, వడ్డీ తీసిన రోజు నుంచే లెక్కేస్తారు. మామూలు కొనుగోళ్లకు ఉండే గడువు దీనికి ఉండదు. మరే దారీ లేనప్పుడు మాత్రమే అది.

రేటు విషయంలో ఇంకో సంగతి. మీరు కొన్న రోజు రేటే పడుతుందనుకోకండి. లావాదేవీ పూర్తిగా నమోదయ్యే రోజు రేటు పడొచ్చు, దానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. సరుకు వాపసు ఇస్తే ఆ డబ్బు మళ్లీ ఆనాటి రేటుతో వస్తుంది, పైగా మొదట పడిన ఫీజు తిరిగి ఇవ్వకపోవచ్చు. అందుకే 100 పెట్టి కొన్నది వాపసు ఇస్తే సరిగ్గా 100 రాదు.

## డెబిట్ కార్డు

విదేశంలో నగదు కావాలంటే అక్కడి ఏటీఎంలో డెబిట్ కార్డుతో తీసుకోవడమే ఎక్కువ దేశాల్లో తక్కువ ఖర్చుతో అయ్యే పని. కాకపోతే ఫీజులు మూడు వైపుల నుంచి వస్తాయి: ఏటీఎం నడిపేవాళ్ల ఫీజు, మీ బ్యాంకు ఒక్కోసారికి వేసే స్థిర ఫీజు, ఆపైన శాతం రూపంలో విదేశీ లావాదేవీ ఫీజు. థాయిలాండ్‌లో విదేశీ కార్డుతో తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకులే 200 బాత్‌లకు పైన వేస్తాయి, ఎంత తీసినా అంతే.

స్థిర ఫీజు ఉన్నప్పుడు చిన్న చిన్న మొత్తాలు తీయడం పెద్ద నష్టం. ఒక్కోసారికి 5 యూరోల ఫీజు అనుకుంటే, 50 యూరోలు తీస్తే ఫీజే 10 శాతం. అదే 300 తీస్తే 2 శాతం లోపే. కాబట్టి తక్కువసార్లు, ఎక్కువ మొత్తం. మరీ ఎక్కువ తీసి జేబులో పెట్టుకుని తిరగడం కూడా మంచిది కాదు. మూడు నాలుగు రోజుల చిల్లర ఖర్చుకు సరిపడా అన్నది నేను పాటించే కొలత.

బ్యాంకు గోడలో ఉన్న ఏటీఎంనే ఎంచుకోండి, వీలైతే బ్యాంకు తెరిచి ఉండే వేళల్లో. మెషీన్ కార్డు పట్టేసుకుంటే లోపలికెళ్లి అడగడానికి మనిషంటూ ఉంటాడు. పర్యాటకులు తిరిగే వీధుల్లో, సావనీర్ దుకాణాల పక్కన విడిగా నిలబెట్టిన మెషీన్లు ఫీజులోనూ రేటులోనూ ఎక్కువ గుంజుతాయి. జపాన్‌లో చాలా స్థానిక బ్యాంకుల ఏటీఎంలు విదేశీ కార్డులు తీసుకోవు. అక్కడ సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లో ఉన్నవి, పోస్టాఫీసుల్లో ఉన్నవి తీసుకుంటాయి.

దుకాణాల్లో గీకడానికి డెబిట్ కార్డు నాకు రెండో వరస. పైన చెప్పిన మోసం సంగతి ఒక కారణం. రెండోది డిపాజిట్. హోటల్ వాళ్లు డెబిట్ కార్డుపై 300 బ్లాక్ చేస్తే అది మీ సొంత డబ్బు, గది ఖాళీ చేశాక కూడా తిరిగి ఖాతాలో కనబడడానికి రోజులు పట్టొచ్చు. బడ్జెట్ బిగువుగా ఉన్నవాళ్లకు ఆ రోజులే కష్టం. జీతం పడే ప్రధాన ఖాతా కార్డును కాకుండా, ప్రయాణానికి కావలసినంతే వేసిన వేరే ఖాతా కార్డును తీసుకెళ్తే భయం సగం తగ్గుతుంది.

## ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డు, బహుళ కరెన్సీ ఖాతాలు

ఫారెక్స్ కార్డులో ముందే విదేశీ కరెన్సీ నింపుకుంటారు. నింపిన రోజు రేటు స్థిరమైపోతుంది. తర్వాత మీ కరెన్సీ విలువ పడిపోయినా బాధ లేదు, పెరిగితే ఆ లాభమూ లేదు. దీన్ని పొదుపు మార్గంగా కాకుండా బడ్జెట్ మీద పట్టుకోసం వాడే సాధనంగా చూడటం మంచిది. ఇంత వేశాం, ఇంతే ఖర్చు పెడతాం అనుకునేవాళ్లకు ఇది బాగా నప్పుతుంది. పోయినా మీ బ్యాంకు ఖాతా దాకా ఎవరూ వెళ్లలేరు.

చిక్కులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. నింపే రోజు ఇచ్చే రేటులోనే మార్జిన్ ఉంటుంది, మిగిలింది వెనక్కి మార్చుకునేటప్పుడు మరో మార్జిన్. కార్డులో లేని కరెన్సీలో ఖర్చు పెడితే ఇంకో మార్పిడి ఫీజు. యూరోలు నింపిన కార్డుతో స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకుల్లో చెల్లిస్తే జరిగేది ఇదే. కొంతకాలం వాడకపోతే నిల్వ నుంచి నెలనెలా కోసుకునేవీ ఉన్నాయి. అద్దె కారు సంస్థలు డిపాజిట్‌కు ప్రీపెయిడ్ కార్డును తరచూ ఒప్పుకోవు.

వైజ్, రివల్యూట్ లాంటి బహుళ కరెన్సీ ఖాతాలు ఇవే పనిని చాలా తక్కువ ఖర్చుతో చేస్తాయి. మార్కెట్ రేటుకు దగ్గరగా మార్చి, ఫీజును విడిగా చూపిస్తాయి. అన్ని దేశాల్లో నివసించేవారికీ వీటి కార్డు దొరకదు. ఉచితంగా ఏటీఎం వాడుకోవడానికి నెలవారీ పరిమితులుంటాయి. కరెన్సీ మార్కెట్లు మూసి ఉండే శని, ఆదివారాల్లో కొన్ని ప్లాన్లలో అదనపు శాతం వేస్తారు, కాబట్టి కావలసింది శుక్రవారమే మార్చి పెట్టుకోవాలి. నాలుగైదు దేశాలు తిరిగేవాళ్లకు ఇవి దొరికితే సంకోచించక్కర్లేదు.

## ఫోన్ చెల్లింపులు, క్యూఆర్ కోడ్‌లు

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. యాపిల్ పే, గూగుల్ పే ట్యాప్ చెల్లింపుల్లో ఫోన్‌లో ఉన్నది మీ కార్డే. రేటు, ఫీజు అన్నీ ఆ కార్డువే. లాభమల్లా భద్రతలో ఉంది: అసలు కార్డు నంబరు వ్యాపారికి వెళ్లదు, దాని బదులు వేరే నంబరు వెళ్తుంది, సాధారణంగా వేలిముద్రో ముఖమో పిన్నో అడుగుతుంది. కార్డు జేబులోంచి తీయకుండా రోజంతా గడిచిపోతుంది.

రవాణాలో ఒక చిన్న విషయం గుర్తుంచుకోవాలి. లండన్‌లో రోజుకు ఇంతకు మించి ఛార్జీ పడదన్న పరిమితి ఉంది. అది ఒకే కార్డుతో లేదా ఒకే ఫోన్‌తో తిరిగితేనే వర్తిస్తుంది. ఎక్కేటప్పుడు కార్డు, దిగేటప్పుడు అదే కార్డు ఉన్న ఫోన్ ట్యాప్ చేస్తే వ్యవస్థ వాటిని ఇద్దరు ప్రయాణికులుగా లెక్కేస్తుంది, రెండు అసంపూర్ణ ప్రయాణాల ఛార్జీ పడుతుంది. దంపతులు ఒకే కార్డుతో ఇద్దరూ ట్యాప్ చేయడం కూడా కుదరదు, ఎవరిది వాళ్లకు ఉండాలి.

క్యూఆర్ చెల్లింపులు వేరే లోకం. భారత్‌లో యూపీఐ, బ్రెజిల్‌లో పిక్స్, థాయిలాండ్‌లో ప్రాంప్ట్‌పే, స్వీడన్‌లో స్విష్ లాంటివి మొదట ఆయా దేశాల బ్యాంకు ఖాతాల కోసం కట్టినవి. కొన్ని దేశాల వ్యవస్థలు ఇప్పుడు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి, సింగపూర్ పేనౌ, థాయిలాండ్ ప్రాంప్ట్‌పే 2021లో కలిశాయి. మీ దేశపు యాప్ మీరు వెళ్లే దేశంలో పనిచేస్తుందో లేదో బయల్దేరే ముందు చూసుకోండి, కానీ దానిమీదే భారం వేయకండి. చైనా మాత్రం ప్రత్యేకం. అక్కడ అలీపే, వీచాట్ పే యాప్‌లకు విదేశీ కార్డును జోడించుకోవచ్చు. 2024లో విదేశీయులకు ఒక్కో లావాదేవీ పరిమితిని 1000 డాలర్ల నుంచి 5000 డాలర్లకు పెంచారు. 200 యువాన్లు దాటిన చెల్లింపులపై 3 శాతం ఫీజు పడుతుంది, అంతకు లోపలైతే పడదు. పాస్‌పోర్టు వివరాలు, కార్డు నమోదు అన్నీ ఇంటి దగ్గరే పూర్తి చేసుకోవాలి. అక్కడ దిగాక ఓటీపీ రాక, ఇంటర్నెట్ సరిగా లేక ఇబ్బంది పడతారు.

ఫోన్‌తో అసలు ప్రమాదం బ్యాటరీ అయిపోవడం కాదు. ఫోన్ పోతే చెల్లించే సాధనమూ, బ్యాంకు ఓటీపీ వచ్చే నంబరూ, బ్యాంకు యాప్, కస్టమర్ కేర్ నంబరు రాసి పెట్టుకున్న చోటూ అన్నీ ఒకేసారి పోతాయి. ఒక్క వస్తువు మీద ఇన్ని ఆధారపడి ఉన్నప్పుడు దానికి తోడు మరొకటి చేతిలో ఉండి తీరాలి.

## నగదు

నగదును పూర్తిగా వదిలేయమని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. చిన్న ఊళ్లు, పల్లె బస్సులు, సంతలు, టిప్పులు, డబ్బులిచ్చి వాడాల్సిన మరుగుదొడ్లు, కరెంటు పోయిన రోజు: వీటన్నిటికీ నోట్లే దిక్కు. అయితే ఎక్కడ మార్చుకుంటారన్నదే మొత్తం తేడా తెస్తుంది.

మార్పిడి కౌంటర్‌పై 'కమీషన్ లేదు' అన్న బోర్డు చూసి ఆగిపోకండి, దాని కింది రెండు అంకెలు చూడండి. మేం కొనే ధర 92, మేం అమ్మే ధర 108 అని ఉందనుకుందాం. మధ్య రేటు 100. మీరు 108 ఇచ్చి కొన్న నోటును ఆ నిమిషంలోనే తిరిగి ఇచ్చేస్తే 92 వస్తుంది. అంటే దాదాపు 15 శాతం ఆవిరి. రెండు అంకెలు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచి కౌంటర్. విమానాశ్రయాల్లో ఈ దూరం ఎక్కువగా ఉంటుంది, అందుకే అక్కడ మార్చాల్సి వస్తే ఊళ్లోకి వెళ్లే ఖర్చుకు సరిపడా మాత్రమే మార్చండి.

కార్డులు సరిగా చెల్లని దేశాలకు వెళ్తుంటే డాలర్లో యూరోలో వెంట ఉంచుకోవాలి, అవీ కొత్త నోట్లు. మయన్మార్ లాంటి చోట్ల మడత పడిన, గీత పడిన, ముద్ర వేసిన డాలరు నోటును తిప్పి ఇచ్చేస్తారు. పాత సిరీస్ నోట్లకు ఆఫ్రికాలోని చాలా చోట్ల ఆదరణ ఉండదు. కొన్ని దేశాల కరెన్సీని బయటికి తీసుకెళ్లనివ్వరు, ట్యునీషియా దినార్ అలాంటిది. అక్కడ దిగాకే మార్చుకుని, బయల్దేరేలోగా ఖర్చు పెట్టేయాలి. ఎక్కువ మొత్తం మోస్తే కస్టమ్స్‌కు చెప్పాలి: యూరోపియన్ యూనియన్‌లోకి 10,000 యూరోలు, ఆపైన తెస్తే, అమెరికాలోకి 10,000 డాలర్లు దాటితే తప్పనిసరి.

చీకట్లో, హడావుడిలో నోట్లు తారుమారు కాకుండా చూసుకోవాలి. వియత్నాంలో 20,000 డాంగ్‌ల నోటూ, 5,00,000 డాంగ్‌ల నోటూ రెండూ నీలంగానే ఉంటాయి, విలువలో తేడా 25 రెట్లు. టాక్సీ దిగేముందు నోటును వెలుతురులో ఒకసారి చూసి ఇవ్వండి. పెద్ద నోట్లు, చిన్న నోట్లు వేర్వేరు అరల్లో పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

ట్రావెలర్స్ చెక్కుల గురించి పాత పుస్తకాల్లో చదివి ఉంటారు. ఇప్పుడు వాటిని తీసుకునేవాళ్లు వెతికినా దొరకరు, వాటి జోలికి వెళ్లక్కర్లేదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| మార్గం | ఖర్చు | దేనికి బాగుంటుంది | ఎక్కడ దెబ్బ తింటాం |
|---|---|---|---|
| క్రెడిట్ కార్డు | రేటు మంచిది, ఫీజు 0 నుంచి 3.5 శాతం | హోటల్, అద్దె కారు, పెద్ద కొనుగోళ్లు, ఆన్‌లైన్ బుకింగ్ | ఏటీఎంలో నగదు తీస్తే |
| డెబిట్ కార్డు | శాతం ఫీజుకు తోడు స్థిర ఫీజు | బ్యాంకు ఏటీఎంలో నగదు | మోసం జరిగితే, డిపాజిట్లలో సొంత డబ్బు ఆగితే |
| ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డు | రేటులో మార్జిన్, ఇతర ఫీజులు | గీత గీసుకున్న బడ్జెట్, ఒకే కరెన్సీ ప్రయాణం | నింపని కరెన్సీలో ఖర్చు, మిగులు మార్పిడి |
| బహుళ కరెన్సీ ఖాతా | తక్కువ | పలు దేశాలు, ఎక్కువ రోజులు | ఏటీఎం పరిమితులు, వారాంతపు రేట్లు |
| ఫోన్ ట్యాప్ | జోడించిన కార్డును బట్టి | రోజువారీ చిన్న ఖర్చులు, రవాణా | ఫోన్ పోతే అన్నీ పోతాయి |
| నగదు | కౌంటర్‌ను బట్టి చాలా తేడా | పల్లెలు, సంతలు, టిప్పులు, అత్యవసరం | పోతే రాదు |

## ఎవరికి ఏ కలయిక

ఒక పెద్ద నగరంలో నాలుగు రోజులు గడిపి వచ్చేవాళ్లు ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఉన్న క్రెడిట్ కార్డు, ఫోన్‌లో దాని ట్యాప్, వెనకాల ఒక డెబిట్ కార్డు, మొదటి రోజుకు కొద్దిగా నగదు. ఇంత చిన్న ప్రయాణానికి కొత్త కార్డు తీసుకుంటే దానికయ్యే తిప్పలు మిగిలే డబ్బు కంటే ఎక్కువ.

నెలల తరబడి దేశం తర్వాత దేశం తిరిగేవాళ్లకు ఫీజులు పోగుపడి పెద్ద మొత్తమవుతాయి. వీళ్లకు బహుళ కరెన్సీ ఖాతాగానీ, విదేశీ ఫీజు లేని కార్డుగానీ తప్పనిసరి. రెండో కార్డు వేరే నెట్‌వర్క్‌ది, వేరే బ్యాంకుది అయి ఉండాలి. ఒకే బ్యాంకువి రెండు కార్డులుంటే బ్యాంకు సర్వర్ ఆగిన రోజు రెండూ ఆగుతాయి.

పల్లెలకో కొండలకో పోయేవాళ్లకు నగదే ప్రధానం, కార్డు తోడు. చివరి పెద్ద ఊళ్లో ఏటీఎం దగ్గర ఆగి లెక్క కంటే కొంచెం ఎక్కువే తీసుకోండి. ఆ తర్వాత వచ్చే ఊళ్లో మెషీన్ ఉంటుందని మ్యాప్ చూపించినా అందులో డబ్బు ఉంటుందన్న నమ్మకం లేదు.

మొదటిసారి విదేశానికి వెళ్తున్న పెద్దవాళ్ల విషయంలో నేను ఫీజు గురించి అసలు పట్టించుకోను. ఖర్చుకు సరిపడా నింపిన ఫారెక్స్ కార్డు, చిన్న నోట్లలో నగదు, బ్యాగులో వేరుగా ఇంకో కార్డు. నింపే యాప్ ఇంటి దగ్గరున్న పిల్లల చేతిలో ఉంటే తక్కువైనప్పుడు దూరం నుంచే వేయొచ్చు. యాప్‌లు, ఓటీపీలు, మార్పిడి బటన్లతో వాళ్లను కంగారు పెట్టడం కంటే కొద్ది శాతం ఎక్కువ పోయినా నయం.

చదువుకోసమో ఉద్యోగం కోసమో వెళ్లి అక్కడే నెలలు ఉండబోయేవాళ్లు పైవన్నీ మొదటి కొన్ని వారాలకు మాత్రమే అనుకోవాలి. అద్దె, ఫోన్ బిల్లు, జీతం అన్నీ స్థానిక ఖాతా అడుగుతాయి. వెళ్లిన వెంటనే ఖాతా తెరవడమే వీళ్లకు అసలు ఎంపిక, దానికి చిరునామా రుజువు కావాలి కాబట్టి ఇంటి ఒప్పంద పత్రం భద్రం చేసుకోండి.

## బయల్దేరే ముందు

విదేశీ వాడకం కార్డులో ఆన్ అయి ఉందో లేదో యాప్‌లో చూసుకోండి. రోజువారీ పరిమితి హోటల్ డిపాజిట్‌ను తట్టుకునేలా పెట్టుకోండి. యూరప్‌లో రైలు టికెట్ మెషీన్లు, మనిషి లేని పెట్రోలు పంపులు పిన్ అడుగుతాయి, సంతకం కుదరదు, కాబట్టి క్రెడిట్ కార్డు పిన్ కూడా గుర్తుండాలి. పిన్‌ను అంకెల్లోనే గుర్తుంచుకోండి, కొన్ని మెషీన్ల కీప్యాడ్‌పై అక్షరాలు ఉండవు.

ఓటీపీ సంగతి ఎక్కువమంది మరిచిపోతారు. విదేశంలో డేటా కోసం కొత్త సిమ్ వేసి పాతది తీసి పర్సులో పెట్టేస్తే, ఆన్‌లైన్‌లో రైలు టికెట్ కొనే వేళకు ఓటీపీ రాదు. పాత నంబరును రోమింగ్‌లో ఉంచి, డేటాకు ఈసిమ్ (ఫోన్‌లోనే ఉండే డిజిటల్ సిమ్) వాడుకుంటే రెండూ నడుస్తాయి.

కార్డులన్నీ ఒకే పర్సులో పెట్టకండి. ఒకటి ఒంటిమీద, ఒకటి గదిలో తాళం వేసిన బ్యాగులో, ఇద్దరు వెళ్తుంటే ఒకటి రెండోవాళ్ల దగ్గర. కార్డు బ్లాక్ చేయించడానికి విదేశం నుంచి ఫోన్ చేయాల్సిన నంబరును కాగితం మీద రాసి పాస్‌పోర్టుకు దూరంగా ఇంకోచోట ఉంచండి. దేశంలోపల పనిచేసే టోల్‌ఫ్రీ నంబరు బయటి నుంచి కలవకపోవచ్చు, అందుకే దేశం కోడ్‌తో సహా ఉన్న నంబరే రాసుకోవాలి.

## తిరిగొచ్చేటప్పుడు

మార్పిడి కౌంటర్లు నాణేలు తీసుకోవు. చివరి రోజు హోటల్ బిల్లులో కొంత ఆ నాణేలతో, మిగిలిన నోట్లతో కట్టి, తక్కువైంది కార్డుపై వేయమని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఫారెక్స్ కార్డులో మిగిలింది మళ్లీ వెళ్లేదాకా ఉంచాలా, వెనక్కి మార్చాలా అన్నది వాడని కార్డుపై నెలవారీ ఫీజు ఉందో లేదో చూసి తేల్చుకోండి. కార్డు స్టేట్‌మెంట్‌ను మాత్రం ఇంకో రెండు నెలలు గమనిస్తూ ఉండాలి. అద్దె కారు తీసుకున్నవాళ్లకు టోల్ బకాయిలు, పార్కింగ్ జరిమానాలు ఆలస్యంగా పడుతుంటాయి. కారు తిరిగి ఇచ్చినప్పటి రసీదు, పెట్రోలు ముల్లు కనబడేలా తీసిన ఫొటో ఉంటే తప్పుడు బిల్లుపై అభ్యంతరం చెప్పడానికి అవే ఆధారం.